పిల్లలు మత్తుకు అలవాటు పడితే అమెరికా స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ ఎలా అడగాలి

అమెరికా పబ్లిక్ స్కూల్లో ఐఈపీ (పిల్లవాడి అవసరానికి తగ్గట్టు స్కూలు రాసిచ్చే ప్రత్యేక చదువు ప్రణాళిక) రావాలంటే, వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం ఉన్న ఐడీఈఏ అనే ఫెడరల్ చట్టంలో ఉన్న 13 వైకల్య కేటగిరీల్లో ఏదో ఒకదాని కిందికి పిల్లలు రావాలి. ఆ పదమూడింట్లో డ్రగ్స్ అలవాటు లేదు, మద్యం లేదు, వేపింగ్ లేదు. "మావాడు వీడ్‌కి (గంజాయికి) అలవాటు పడ్డాడు, ఐఈపీ ఇవ్వండి" అని అడిగితే "అది మా పరిధిలోకి రాదు" అని స్కూలు ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. చట్టం చూస్తే ఆ జవాబు తప్పు కూడా కాదు.

కానీ మత్తు దాకా వెళ్లిన పిల్లల్లో చాలామందికి అంతకు ముందే ఏదో ఒకటి ఉంటుంది. డిప్రెషన్, విపరీతమైన ఆందోళన, ఎవరూ గుర్తించని ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు నిలవని సమస్య), బైపోలార్, ఒకప్పుడు జరిగిన దెబ్బ తాలూకు భయం. వీటికి ఐడీఈఏలో చోటుంది. మత్తు వాడుతున్నారన్న కారణంతో ఆ చోటు పోదు. కాబట్టి అడగాల్సింది మత్తు గురించి కాదు, దాని కింద ఉన్న జబ్బు గురించి, ఆ జబ్బు చదువును ఎలా దెబ్బతీస్తోందన్న దాని గురించి. అదీ కాగితం మీద, తేదీ వేసి, స్కూల్లో పట్టుబడక ముందే అడగాలి. మన కుటుంబాల్లో పరువు పోతుందన్న భయంతో ఈ పని నెలల తరబడి వాయిదా పడుతుంది. ఆ వాయిదాకు ఎంత ఖరీదు కట్టాల్సి వస్తుందో కింద క్రమశిక్షణ భాగం చదివితే తెలుస్తుంది.

ముందు ప్రాణం

వీధిలో దొరికే మాత్రల్లో ప్రాణం తీసే ఫెంటనిల్ అనే మత్తుమందు కలిసి ఉండొచ్చు. ఇంట్లో దానికి విరుగుడైన నార్కాన్ ముక్కు స్ప్రే పెట్టుకోండి. 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండానే మందుల షాపులో అమ్ముతున్నారు. చనిపోవాలన్న మాటలు వినిపిస్తే 988కి ఫోన్ చేయండి. చికిత్స ఎక్కడ దొరుకుతుందో తెలియకపోతే సామ్సా అనే ఫెడరల్ సంస్థ హెల్ప్‌లైన్ 1-800-662-4357 రోజంతా పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు. స్కూలు కాగితాల పని ఇవన్నీ అయ్యాక కాదు, వీటితో పాటే మొదలుపెట్టండి.

ఏ తలుపు తట్టాలి

మత్తు సమస్య ఉన్న పిల్లలకు సాధారణంగా పనికొచ్చే కేటగిరీలు రెండు.

మొదటిది ఎమోషనల్ డిస్టర్బెన్స్. పేరు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూజెర్సీలో ఎమోషనల్ రెగ్యులేషన్ ఇంపెయిర్‌మెంట్ అంటారు. చట్టం అయిదు లక్షణాలు చెప్పి, వాటిలో ఒక్కటైనా ఉంటే చాలంటుంది. తెలివితేటలు, చూపు, వినికిడి, ఆరోగ్యం ఏవీ కారణం కాకుండా నేర్చుకోలేకపోవడం. తోటి పిల్లలతో, టీచర్లతో సరైన సంబంధాలు నిలుపుకోలేకపోవడం. మామూలు సందర్భాల్లో కూడా పొంతన లేని ప్రవర్తన, భావాలు. ఎప్పుడూ అలముకుని ఉండే దిగులు. స్కూలు సమస్యలకో, సొంత సమస్యలకో ముడిపడి కడుపునొప్పి, తలనొప్పి, భయాలు రావడం. ఆ లక్షణం చాలాకాలంగా, గట్టిగా కనిపించే స్థాయిలో ఉండి, చదువును దెబ్బతీస్తూ ఉండాలి.

రెండోది అదర్ హెల్త్ ఇంపెయిర్‌మెంట్. ఆరోగ్య సమస్య వల్ల బలం, ఉత్సాహం, చురుకుదనం తగ్గి చదువు దెబ్బతింటే ఇది వర్తిస్తుంది. ఏడీహెచ్‌డీ పేరు చట్టంలోనే రాసి ఉంది. మార్కులు బాగా తెచ్చుకునే మన పిల్లల్లో ఏడీహెచ్‌డీ చాలాసార్లు ఎనిమిదో తరగతి దాకా బయటపడదు. ఇంట్లో అమ్మో నాన్నో పక్కన కూర్చుని హోంవర్క్ చేయిస్తారు కాబట్టి బండి నడిచిపోతుంది. హైస్కూల్లో ఆ ఊతకర్ర పోగానే ఒక్కసారిగా కూలబడతారు. స్నేహితుల దగ్గర ఆడరాల్ అనే ఏడీహెచ్‌డీ మాత్ర కొని మింగే అలవాటు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

కేటగిరీలో చోటు దొరికినంత మాత్రాన అయిపోదు. వైకల్యం ఉండాలి, అది చదువు మీద ప్రభావం చూపాలి, దానివల్ల ప్రత్యేకంగా మలచిన బోధన అవసరం కావాలి. మూడూ కుదిరితేనే అర్హత. మొదటి రెండూ రుజువు చేసి మూడోదాని దగ్గర జారిపోయేవాళ్లే ఎక్కువ. పరీక్షలో అదనపు సమయం, ముందు బెంచీ లాంటి సదుపాయాలు సరిపోతాయనిపిస్తే స్కూలు ఐఈపీ బదులు 504 ప్లాన్ (సెక్షన్ 504 అనే వేరే చట్టం కింద ఇచ్చే సదుపాయాల పత్రం, దాని సంగతి చివర్లో) ఇస్తామంటుంది.

కాలపట్టిక తయారుచేయండి

ఉత్తరం రాయడానికి ముందు ఒక కాగితం మీద ఏ సమస్య ఎప్పుడు మొదలైందో వరసగా రాయండి. స్కూలు ఎలాగూ "డ్రగ్స్ వల్లే మార్కులు పడిపోయాయి, డ్రగ్స్ మానేస్తే సరి" అంటుంది. దానికి జవాబు ఈ కాగితంలోనే ఉండాలి. పదో తరగతి చదివే ఒక అబ్బాయి విషయంలో అది ఇలా ఉంటుందనుకోండి:

ఆరో తరగతి: టీచర్ రిపోర్టు కార్డులో "పనులు సగంలో వదిలేస్తాడు" అని మూడుసార్లు రాశారు.
ఏడో తరగతి, జనవరి: సోమవారాలు కడుపునొప్పి అని నర్సు గదికి వెళ్లడం, ఆ నెలలో 3 సార్లు.
ఎనిమిదో తరగతి: క్రికెట్ మానేశాడు, స్నేహితులు ఇంటికి రావడం ఆగింది. పిల్లల డాక్టరు డిప్రెషన్ స్క్రీనింగ్ చేసి కౌన్సెలింగ్‌కు వెళ్లమన్నారు.
తొమ్మిదో తరగతి, అక్టోబరు: మొదటిసారి వేప్ దొరికింది.
పదో తరగతి: మొదటి పీరియడ్‌కు 22 సార్లు ఆలస్యం, ఆల్జీబ్రాలో బి నుంచి డి.

మత్తు నాలుగో గీతలో వచ్చింది. దానికి ముందే మూడు గీతలున్నాయి. స్కూల్ సైకాలజిస్టు ఈ కాగితం చూడగానే ప్రశ్న మారిపోతుంది. ప్రతి గీతకూ ఒక రుజువు జతచేయండి: రిపోర్టు కార్డు, హాజరు ప్రింటు, నర్సు లాగ్, టీచర్ ఈమెయిల్. పిల్లల స్కూలు రికార్డులన్నీ చూసే హక్కు ఫెర్పా చట్టం కింద మీకుంది. రాతపూర్వకంగా అడిగితే 45 రోజుల్లోపు చూపించాలి.

మీ విషయంలో మొదటి గీతే మత్తు అయితే? అప్పుడు కూడా అడగండి. మత్తు తర్వాత మొదలైన డిప్రెషన్, సైకోసిస్ కూడా జబ్బులే. కేసు కాస్త కష్టమవుతుంది, డాక్టరు రిపోర్టు బలంగా ఉండాలి, అంతే.

ఉత్తరం

నోటితో అడిగింది అడిగినట్టు కాదు. కౌన్సెలర్‌తో ఫోన్లో గంటసేపు ఏడ్చి చెప్పినా స్కూలు గడువు లెక్క మొదలవదు. ప్రిన్సిపాల్‌కు, డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కు ఒకే ఈమెయిల్‌లో ఇంగ్లీషులో రాసి పంపండి. అందులో ఇవి ఉండాలి:

పిల్లల పేరు, పుట్టినతేదీ, తరగతి, స్కూలు. వైకల్యం ఉందని అనుమానిస్తున్నామని, ఐడీఈఏ కింద అనుమానం ఉన్న అన్ని రంగాల్లో పూర్తి ఎవాల్యుయేషన్ (వైకల్యం ఉందో లేదో తేల్చే పరీక్షలు, పరిశీలన) చేయమని, దానితో పాటు సెక్షన్ 504 కింద కూడా చూడమని అభ్యర్థన. డాక్టరు చెప్పిన జబ్బు పేరు, ఎప్పటి నుంచి. చదువులో, హాజరులో, ప్రవర్తనలో కనిపిస్తున్న మూడు నాలుగు కచ్చితమైన సంగతులు, అంకెలతో. సంతకం చేయాల్సిన అనుమతి పత్రం పంపమని కోరడం. ఒకవేళ కాదంటే కారణాలతో ప్రయర్ రిటన్ నోటీస్ (స్కూలు నిర్ణయం తెలిపే రాతపూర్వక నోటీసు) ఇవ్వమని అడగడం. మీటింగులకు తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఆ మాట కూడా.

"ఆందోళనగా ఉన్నాం, సాయం చేయండి" అన్న వాక్యంతో ఆగిపోవద్దు. అది అభ్యర్థన కింద లెక్కకు రాకపోవచ్చు. "ఎవాల్యుయేషన్" అన్న మాట కచ్చితంగా ఉండాలి.

మత్తు గురించి ఎంత రాయాలి? చికిత్స జరుగుతోందంటే ఆ సంగతి, డాక్టరు పెట్టిన పేరు రాస్తే చాలు. ఎక్కడ దొరికింది, ఎవరి దగ్గర కొన్నాడు, ఎవరికిచ్చాడు అన్నవి ఆరోగ్య వివరాలు కావు, వాటిని రాయకండి. ఆ ఉత్తరం స్కూలు రికార్డులో చేరుతుంది.

పంపిన రోజును క్యాలెండర్‌లో రాసుకోండి. మీరు అనుమతి పత్రం మీద సంతకం పెట్టి ఇచ్చాక 60 రోజుల్లో ఎవాల్యుయేషన్ పూర్తి చేయాలని ఫెడరల్ నియమం. రాష్ట్రానికి సొంత గడువు ఉంటే అదే వర్తిస్తుంది. కాలిఫోర్నియాలో అభ్యర్థన అందిన 15 రోజుల్లో అసెస్‌మెంట్ ప్లాన్ పంపాలి, సంతకం అందిన 60 రోజుల్లో ఐఈపీ మీటింగ్ పెట్టాలి. టెక్సస్‌లో 15 స్కూలు రోజుల్లో జవాబివ్వాలి, సంతకం తర్వాత 45 స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి. ఐఈపీ మీటింగ్‌ను అక్కడ ఆర్డ్ అంటారు. న్యూజెర్సీలో 20 రోజుల్లో చైల్డ్ స్టడీ టీమ్ (ఎవాల్యుయేషన్ చేసే స్కూలు బృందం) మీతో కూర్చోవాలి, అనుమతి ఇచ్చిన 90 రోజుల్లో మొత్తం పూర్తయి ఐఈపీ అమల్లోకి రావాలి. వేసవి సెలవుల ముందు పంపితే కొన్నిచోట్ల లెక్క ఆగి గడువు సాగుతుంది. ఏప్రిల్‌లో పంపాల్సింది జూన్ దాకా ఆపకండి.

స్కూలు చెప్పే అడ్డుమాటలు, మీ జవాబులు

"మార్కులు బాగానే ఉన్నాయి కదా." ఫెయిల్ కాకపోయినా, పై తరగతికి వెళ్తున్నా అర్హత ఉండొచ్చని నిబంధనల్లోనే ఉంది. చదువు ప్రభావం అంటే మార్కులు ఒక్కటే కాదు. హాజరు, పని పూర్తిచేయడం, తరగతిలో కూర్చోగలగడం అన్నీ చూడాలని పట్టుబట్టండి.

"ముందు ఇంటర్వెన్షన్ ప్రయత్నిద్దాం, ఆరు వారాలాగి చూద్దాం." ఇంటర్వెన్షన్, అంటే మామూలు తరగతిలోనే ఇచ్చే అదనపు సాయం, పెట్టొచ్చు, మంచిదే. కానీ దాన్ని సాకుగా చూపి ఎవాల్యుయేషన్ ఆపడానికి వీల్లేదని ఫెడరల్ విద్యాశాఖ 2011 జనవరిలోనే రాష్ట్రాలకు మెమో పంపింది. రెండూ సమాంతరంగా నడవాలని అడగండి.

"ముందు మత్తు మానేయనివ్వండి, అప్పుడు పరీక్షిస్తాం." ఐడీఈఏలో అలాంటి షరతు లేదు. అయితే ఇందులో కొంత నిజముంది. నిన్న రాత్రి వీడ్ తాగి వచ్చిన పిల్లవాడికి జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే ఆ అంకెకు అర్థం ఉండదు. అందుకని ఆ పరీక్షల తేదీలను డాక్టరుతో మాట్లాడి జరుపుకోండి. మిగతా పనంతా, అంటే రికార్డులు, ఇంటర్వ్యూలు, తరగతి పరిశీలన, ఇప్పుడే మొదలుపెట్టమనండి.

"డాక్టరు లెటర్ తెస్తేనే." మీ దగ్గరుంటే ఇవ్వండి, పని వేగంగా జరుగుతుంది. అర్హత తేల్చడానికి వైద్యుల నిర్ధారణ కావాలని డిస్ట్రిక్ట్ అనుకుంటే ఆ ఖర్చు డిస్ట్రిక్టే పెట్టుకోవాలి. అలాగే ఏడీహెచ్‌డీ మందు వేస్తేనే స్కూలుకు రానిస్తామనడం, మందు వేస్తేనే ఎవాల్యుయేట్ చేస్తామనడం నిషేధం.

ఎవాల్యుయేషన్ జరిగేటప్పుడు

చికిత్స కేంద్రం రికార్డులు స్కూలుకు ఇవ్వాలంటే మామూలు మెడికల్ రిలీజ్ సరిపోదు. మత్తు చికిత్స రికార్డులకు 42 సీఎఫ్ఆర్ పార్ట్ 2 అనే ప్రత్యేక గోప్యతా నియమం ఉంది. మైనర్లు తమంతట తాము చికిత్సకు ఒప్పుకోవచ్చని చెప్పే రాష్ట్రాల్లో ఆ రికార్డు బయటికివ్వడానికి పిల్లల సంతకమే కావాలి, తల్లిదండ్రులది పనికిరాదు. కాబట్టి పిల్లలతో ముందే మాట్లాడండి. మొత్తం ఫైలు కాకుండా నిర్ధారణ, మందులు, స్కూలుకు సిఫార్సులు ఉన్న ఒకటి రెండు పేజీల సారాంశం రాయించి అదే ఇవ్వండి.

తర్వాత పిల్లల ప్రవర్తన, మనస్థితి గురించి అడిగే బాస్క్-3 లాంటి రేటింగ్ ఫారాలు వస్తాయి. "దిగులుగా కనిపిస్తారా? ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, దాదాపు ఎప్పుడూ" అని పెద్ద పట్టికలో గుర్తులు పెట్టాలి. మన తెలుగు కుటుంబాల అర్హత చేజారేది ఎక్కువగా ఇక్కడే. నాలుగు మంచి మాటలు రాయాలన్న అలవాటుతోనో, బయటివాళ్లకు ఇంటి గుట్టు ఎందుకన్న బిడియంతోనో అన్నింటికీ "ఎప్పుడూ లేదు" పెట్టేస్తారు. ఆ ఫారంలో ఇబ్బందులకు టీ-స్కోరు (సగటు 50గా ఉండే అంకె) 70, ఆపైన వస్తే తీవ్రమైన సమస్య, 60 నుంచి 69 అయితే జాగ్రత్తగా చూడాల్సింది అని లెక్క. మీ ఫారంలో 48 వచ్చి టీచర్ ఫారంలో 72 వస్తే రెండూ పొంతన కుదరలేదని, ఇంట్లో సమస్య లేదని రిపోర్టులో రాసే ప్రమాదం ఉంది. ఫారం ముందు కూర్చున్నప్పుడు పోయిన నెలలో జరిగినవే గుర్తుచేసుకుని నింపండి. ఎన్ని రాత్రులు నిద్రపోలేదు, ఎన్నిసార్లు తలుపు వేసుకుని అన్నం తినలేదు. అమ్మ, నాన్న విడివిడిగా నింపుతామని అడగొచ్చు. ఇంగ్లీషు వాక్యం అర్థం కాకపోతే అంచనాతో గుర్తు పెట్టకండి, అడిగి పెట్టండి.

సమస్య ప్రవర్తనలో ఉంటే ఎఫ్‌బీఏ, అంటే ఏ పరిస్థితిలో ఆ ప్రవర్తన వస్తోంది, దానివల్ల పిల్లవాడికి ఏం దక్కుతోంది అన్న విశ్లేషణ కూడా చేయమనండి. లంచ్ తర్వాత పీరియడ్ ఎగ్గొట్టేది మత్తు కోసమా, ఆ క్లాసులో నిలబడి మాట్లాడాలన్న భయంతోనా అన్నది దీంతో తేలుతుంది.

అర్హత మీటింగ్

రిపోర్టు కాపీ మీటింగ్‌కు కొన్ని రోజుల ముందే ఇమ్మని రాయండి. బల్ల దగ్గర ఆరేడుగురు కూర్చుని పాతిక పేజీలు గబగబా చదివేస్తుంటే ప్రశ్న అడిగే వ్యవధి ఉండదు.

మత్తు కేసుల్లో తప్పకుండా వచ్చే మాట "సోషల్ మాల్‌అడ్జస్ట్‌మెంట్". అంటే తెలిసి తెలిసి నియమాలు మీరే పిల్లవాడు, జబ్బు కాదు అని. ఎమోషనల్ డిస్టర్బెన్స్ నిర్వచనం అలాంటివాళ్లకు వర్తించదని చట్టంలో ఉంది. అయితే అదే వాక్యం చివర ఒక మినహాయింపు ఉంది: ఎమోషనల్ డిస్టర్బెన్స్ కూడా ఉంటే వర్తిస్తుంది. రెండూ ఒకే పిల్లవాడిలో ఉండొచ్చు. "ప్రవర్తన చెడ్డదా కాదా అన్నది కాదు, ఆ అయిదు లక్షణాల్లో ఏది ఉంది, ఎప్పటి నుంచి ఉంది చెప్పండి" అని కాలపట్టిక బల్ల మీద పెట్టండి.

ఇంటర్‌ప్రెటర్ విషయంలో మొహమాటం వద్దు. ఆఫీసులో ఇంగ్లీషు అనర్గళంగా మాట్లాడేవాళ్లకు కూడా కన్నబిడ్డ గురించి ఇలాంటి మీటింగులో మాట పెగలదు. తల్లిదండ్రులకు జరిగేది అర్థమయ్యేలా ఇంటర్‌ప్రెటర్‌ను పెట్టడం సహా చర్యలు తీసుకోవాల్సింది స్కూలే, ఖర్చు కూడా స్కూలుదే. తెలిసిన అంకుల్‌నో, పిల్లవాడినే అనువదించమనో అడిగితే ఒప్పుకోకండి.

అర్హత తేలిన 30 రోజుల్లో ఐఈపీ రాయాలి. రిపోర్టుతో ఏకీభవించకపోతే డిస్ట్రిక్ట్ ఖర్చుతో బయటి నిపుణులతో ఇండిపెండెంట్ ఎవాల్యుయేషన్ కావాలని రాయండి. అప్పుడు డిస్ట్రిక్ట్ డబ్బు కట్టాలి, లేదంటే తన ఎవాల్యుయేషన్ సరైనదని నిరూపించడానికి తానే హియరింగ్‌కు (విచారణకు) వెళ్లాలి.

ఐఈపీలో ఏం రాయించాలి

"మత్తు మానేస్తాడు" అన్నది ఐఈపీ లక్ష్యం కాదు, రాయనివ్వకండి. మళ్లీ జారితే ఆ కాగితమే పిల్లవాడికి ఎదురు నిలుస్తుంది. కొలవగలిగే చదువు లక్ష్యాలు రాయించండి: మొదటి పీరియడ్ హాజరు 60 శాతం నుంచి 90కి, మనసు బాగోలేనప్పుడు 5 సందర్భాల్లో 4 సార్లు తరగతి వదిలి పారిపోకుండా కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం, ఇలా.

సేవల్లో కౌన్సెలింగ్, సైకలాజికల్ సర్వీసెస్, సోషల్ వర్క్, తల్లిదండ్రులకు శిక్షణ అన్నీ చట్టంలో ఉన్నవే. "అవసరాన్ని బట్టి కౌన్సెలింగ్" అని రాస్తే చేతికి ఏమీ రాదు. "వారానికి 2 సార్లు, ఒక్కోటి 30 నిమిషాలు, స్కూల్ సైకాలజిస్టుతో" అని ఉండాలి. చికిత్సకు వెళ్లి వచ్చాక తిరిగి చేరే ప్రణాళిక విడిగా రాయించండి. మొదటి రెండు వారాలు ఎన్ని పీరియడ్లు, పోయిన క్రెడిట్లు ఎలా పూడ్చాలి, ఉదయం రాగానే ఎవరిని కలవాలి, పాత మిత్రబృందం ఉండే లంచ్ బదులు ఎక్కడ కూర్చోవాలి.

ఆసుపత్రి తరహా డీటాక్స్ (ఒంట్లోని మత్తును దింపే చికిత్స) ఖర్చు స్కూలు భరించదు. అది వైద్యం. చదువు అవసరం కోసమే రెసిడెన్షియల్ స్కూలు కావాలని తేలితే బస, సేవలతో సహా డిస్ట్రిక్ట్ ఇవ్వాలి, కానీ గట్టి రుజువులు కావాలి. మీరే సొంతంగా చేర్చి తర్వాత డబ్బు అడగాలనుకుంటే, తీసుకెళ్లడానికి 10 పనిదినాల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వండి, లేదా చివరి ఐఈపీ మీటింగ్‌లోనే ఆ సంగతి చెప్పండి. ఇవ్వకపోతే వచ్చే డబ్బు తగ్గిపోవచ్చు, అసలే రాకపోవచ్చు. హ్యూస్టన్, న్యూజెర్సీ, మసాచుసెట్స్ లాంటి చోట్ల మత్తు నుంచి కోలుకుంటున్న పిల్లల కోసమే నడిచే రికవరీ హైస్కూళ్లున్నాయి. మీ దగ్గర ఉందేమో మీటింగ్‌లో అడగండి.

స్కూల్లో పట్టుబడితే

ఐఈపీ ఉన్న పిల్లలను క్రమశిక్షణ చర్యగా వరసగా 10 స్కూలు రోజులకు మించి స్కూలు నుంచి పంపేయాలంటే, ఆ నిర్ణయం తీసుకున్న 10 స్కూలు రోజుల్లో మానిఫెస్టేషన్ మీటింగ్ పెట్టాలి. ఆ పని వైకల్యం వల్ల జరిగిందా, లేక స్కూలు ఐఈపీ అమలు చేయకపోవడం వల్లా అన్న రెండు ప్రశ్నలే అక్కడ. రెండింట్లో ఏ ఒక్కటికి "అవును" వచ్చినా మామూలుగా పాత చోటికి తిరిగి రానివ్వాలి.

డ్రగ్స్‌కు మినహాయింపు ఉంది. స్కూల్లో అక్రమ డ్రగ్స్ దగ్గర పెట్టుకున్నా, వాడినా, నియంత్రిత పదార్థాలు అమ్మినా, జవాబు ఏదైనా 45 స్కూలు రోజుల దాకా వేరే చోటికి మార్చొచ్చు. అక్కడ కూడా చదువు, ఐఈపీ సేవలు ఆగకూడదు. ఈ మినహాయింపు ఫెడరల్ నియంత్రిత పదార్థాలకే. గంజాయి పెద్దవాళ్లకు చట్టబద్ధమైన రాష్ట్రాల్లో కూడా ఇది వర్తిస్తుంది. బీరుకు, నికోటిన్‌కు వర్తించదు. కాబట్టి వేప్ దొరికిందని 45 రోజులు అంటే అందులో ఉన్నది నికోటినా, టీహెచ్‌సీయా (గంజాయిలోని మత్తు పదార్థమా), ఎవరు ఎలా పరీక్షించారో రాతపూర్వకంగా అడగండి.

ఇంకా ఐఈపీ లేని పిల్లవాడు పట్టుబడితే? ఆ సంఘటనకు ముందే స్కూలుకు "తెలిసి ఉంటే" ఇవే రక్షణలు దొరుకుతాయి. తెలిసినట్టు లెక్కలోకి వచ్చేవి మూడే: స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరమని మీరు టీచర్‌కో అధికారులకో రాసి ఉండటం, ఎవాల్యుయేషన్ అడిగి ఉండటం, ప్రవర్తన తీరు గురించి స్కూలు సిబ్బంది తమ పై అధికారులకు చెప్పి ఉండటం. ఆ ఉత్తరం సంఘటనకు ముందురోజు వెళ్లినా పనికొస్తుంది. మర్నాడు పంపితే త్వరితగతి ఎవాల్యుయేషన్ మాత్రమే దొరుకుతుంది, అది తేలేదాకా బహిష్కరణ కొనసాగొచ్చు. గతంలో ఎవాల్యుయేషన్ వద్దని మీరే సంతకం పెట్టి ఉంటే ఈ రక్షణ ఉండదు. "మచ్చ పడుతుంది" అని ఆ వద్దు కాగితం మీద సంతకం పెట్టే ముందు ఇది గుర్తుంచుకోండి.

504 ఎప్పుడు

1973 నాటి రిహాబిలిటేషన్ చట్టంలోని సెక్షన్ 504 కింద అర్హత సులువు. కానీ ఇక్కడ ఐడీఈఏలో లేని ముల్లు ఒకటి ఉంది. ప్రస్తుతం అక్రమ డ్రగ్స్ వాడుతున్నవాళ్లపై ఆ వాడకం కారణంగా స్కూలు చర్య తీసుకుంటే 504 అడ్డురాదు. డ్రగ్స్, మద్యం విషయంలో వైకల్యం లేని పిల్లలకు వేసే శిక్షే వేయొచ్చు. పర్యవేక్షణలో చికిత్స పూర్తిచేసి, లేదా చికిత్సలో ఉండి, వాడకం ఆపేసినవాళ్లకు రక్షణ ఉంటుంది. అందుకే ఇంకా వాడుతున్న పిల్లలకు ఐఈపీ దారే మేలు. కోలుకుని బాగా చదువుతున్నవాళ్లకు 504 సరిపోతుంది: థెరపీ రోజుల్లో ఆలస్యానికి మాఫీ, పరీక్షలు విడి గదిలో, మధ్యాహ్నం మందు నర్సు దగ్గర.

వీసా మీద ఉన్న కుటుంబాలకు

హెచ్-4 మీద ఉన్నా, ఏ స్టేటస్ లేకపోయినా ఐడీఈఏ హక్కులు ఒకటే. ఐఈపీ అడిగినందువల్ల ఇమిగ్రేషన్‌కు ఏమీ కాదు. జాగ్రత్త పడాల్సింది పోలీసు, కోర్టు విషయంలో. పౌరసత్వం లేనివాళ్లకు డ్రగ్స్ కేసులో నేరం ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు, గ్రీన్‌కార్డు మెడికల్ పరీక్షలో కూడా మత్తు వాడకం గురించి చూస్తారు. అరెస్టు దాకా వస్తే క్రిమినల్ లాయర్ చెప్పిన ఒప్పందానికి తల ఊపేముందు ఇమిగ్రేషన్ లాయర్‌కు చూపించండి.

చాలామందికి తోచే ఇంకో దారి, "ఇండియాలో తాతగారి దగ్గరికి పంపేద్దాం". హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చికిత్స మంచిదే కావొచ్చు, కానీ అక్కడి స్కూలుకు ఈ ఐఈపీతో సంబంధం ఉండదు. పంపాలనే నిశ్చయించుకుంటే, ఎవాల్యుయేషన్ పూర్తిచేయించి రిపోర్టులన్నీ తీసుకున్నాకే స్కూలు నుంచి పేరు తీయించండి. తిరిగొచ్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే పని తప్పుతుంది.

కాదంటే ఎక్కడికి వెళ్లాలి

ప్రతి రాష్ట్రంలోనూ తల్లిదండ్రులకు ఉచితంగా సలహా ఇచ్చే పేరెంట్ సెంటర్ ఉంది. న్యూజెర్సీలో స్పాన్, టెక్సస్‌లో పార్ట్‌నర్స్ రిసోర్స్ నెట్‌వర్క్. లాయర్ కంటే ముందు వాళ్లకు ఫోన్ చేయండి. గడువు దాటడం, నోటీసు ఇవ్వకపోవడం లాంటి స్పష్టమైన తప్పుకు రాష్ట్ర విద్యాశాఖకు ఫిర్యాదు చాలు: ఏడాది లోపల వేయాలి, 60 రోజుల్లో తేలుస్తారు. అర్హత మీదే వివాదమైతే మీడియేషన్ (మధ్యవర్తి దగ్గర రాజీ ప్రయత్నం), అదీ కుదరకపోతే డ్యూ ప్రాసెస్ హియరింగ్ (తటస్థ అధికారి ముందు విచారణ). దానికి మామూలు గడువు 2 ఏళ్లు, కొన్ని రాష్ట్రాలు వేరే గడువు పెట్టుకున్నాయి. 504 వివక్షకు ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి 180 రోజుల్లోపు రాయాలి.

ఐఈపీ వచ్చాక ఏటా సమీక్ష, కనీసం మూడేళ్లకోసారి మళ్లీ ఎవాల్యుయేషన్ ఉంటాయి. చాలా రాష్ట్రాల్లో పిల్లలకు 18 నిండగానే ఈ హక్కులన్నీ వాళ్ల పేరు మీదికి మారిపోతాయి, మీ సంతకం చెల్లదు. పుట్టినరోజుకు ముందే మీటింగులకు మిమ్మల్ని పిలిచేలా, రికార్డులు మీకూ ఇచ్చేలా అనుమతి రాయించి పెట్టుకోండి. కాలేజీలో ఐడీఈఏ ఉండదు, 504, ఏడీఏ (వైకల్యం ఉన్నవాళ్లపై వివక్షను నిషేధించే చట్టం) మాత్రమే ఉంటాయి. సీటు వచ్చిన వారంలోనే డిసెబిలిటీ ఆఫీసుకు చివరి ఎవాల్యుయేషన్ పంపండి, హాస్టల్ ఎంచుకునే ముందు రికవరీ హౌసింగ్ (మత్తు నుంచి కోలుకుంటున్న విద్యార్థులకు విడి వసతి) ఉందా అని అడగండి. న్యూజెర్సీలోని రట్గర్స్ యూనివర్సిటీలో 1988 నుంచి ఉంది.